రెండు గంటల దీపావళి

పుదుచ్చేరిలో ఉండే తెలుగు పిల్లలకు దీపావళి ఏటా ఒక చిన్న చిక్కు తెచ్చిపెడుతుంది. పక్కింటి తమిళ కుటుంబం నరక చతుర్దశి నాడు తెల్లవారకముందే తలంటి పోసుకుని, కొత్తబట్టలు కట్టుకుని, పొద్దున్నే టపాకాయలు కాల్చేస్తుంది. మన ఇళ్లలో అమావాస్య చీకటి పడ్డాక దీపాలు పెట్టి, గోగుకాడలకు కట్టిన దివిటీలు తిప్పి, కాళ్లు కడుక్కుని తీపి తిన్న తరువాతే మతాబులు, చిచ్చుబుడ్లు బయటికి తీస్తాం. యానాం నుంచి ఇక్కడికి వచ్చిన పిల్లలు ఈ తేడాను మొదటి ఏడాదే కనిపెడతారు. పండుగ ఒకటే, వేళలు రెండు. ఈ వేళల సంగతి ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2018 అక్టోబరు 23న అర్జున్ గోపాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే బాణసంచా కాల్చాలి. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి రాత్రి 11.55 నుంచి 12.30 వరకు. తమకు పండుగ తెల్లవారుజామునే కదా అని తమిళనాడు ప్రభుత్వం కోర్టును మళ్లీ అడిగింది. అక్టోబరు 30న కోర్టు ఆ ఆదేశాన్ని కొంచెం సడలించింది. తమిళనాడు, పుదుచ్చేరి వంటి చోట్ల వేళ మార్చుకోవచ్చు గాని, మొత్తం రోజుకు రెండు గంటలు మించకూడదు అంది. తమిళనాడు ఆ రెండు గంటలను చెరిసగం చేసి ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని ప్రకటించింది. ఉదయం 6 కంటే ముందు ఎందుకు కుదరదంటే, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు టపాకాయలు పేల్చరాదని ఇదే న్యాయస్థానం 2005 జూలైలోనే చెప్పి ఉంది. నిద్రపోయే హక్కు అందరికీ ఉందన్న మాట!

ఇక అనుమతుల సంగతి. మన దేశంలో బాణసంచాకు మూలచట్టం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని చేసినప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఇప్పుడు అదే చట్టం, దాని కింద వచ్చిన 2008 నాటి నియమాలు ఇక్కడా వర్తిస్తాయి. చట్టం దృష్టిలో తుపాకిమందు ఎలాంటిదో చిచ్చుబుడ్డీ అలాంటిదే. రెండూ పేలుడు పదార్థాలే. పద్దెనిమిదేళ్లు నిండనివారు వీటిని తయారుచేయడం, అమ్మడం, రవాణా చేయడం కుదరదని ఈ చట్టంలోని 6ఏ సెక్షను చెబుతుంది. సంచి పట్టుకుని కొట్టు దగ్గరికి పరుగెత్తే ముందు ఈ సెక్షను గుర్తుంచుకోవాలి.

పండుగ రోజుల్లో మైదానంలో వరుసగా వెలిసే తాత్కాలిక దుకాణాలకు కూడా లైసెన్సు కావాలి. నియమాల ప్రకారం ఆ షెడ్లను మండని పదార్థంతో కట్టాలి. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య 3 మీటర్లు, ఇళ్లూ బడులూ వంటి కట్టడాలకు 50 మీటర్లు దూరం ఉండాలి. ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు. ఒక చోట 50 దుకాణాలకు మించరాదు. నూనె దీపం, గ్యాసు దీపం వెలిగించరాదు. విద్యుద్దీపాలు వేలాడకుండా గోడకో కప్పుకో బిగించి ఉండాలి. దుకాణాలకు 50 మీటర్ల లోపల ఎవరూ టపాకాయలు కాల్చకూడదు. వాకిళ్లు ఎదురెదురుగా ఎందుకు ఉండకూడదో ఆలోచించండి. ఒక షెడ్డులో అంటుకున్న తారాజువ్వ వాకిట్లోంచే బయటికి దూసుకొస్తుంది. ఎదురుగా ఇంకో వాకిలి తెరిచి ఉంటే అది నేరుగా లోపలికే పోతుంది. దూరాల లెక్క కాగితం మీద చాదస్తంగా కనిపించవచ్చు గాని, నిప్పు ప్రయాణం చేసే దారిని చూసి రాసిన లెక్క అది.

లైసెన్సు లేని సరుకు ఏం చేయగలదో పుదుచ్చేరి ప్రాంతం చూసింది. 2021 నవంబరు 4, దీపావళి రోజు. ఊరికి ఉత్తరాన, తమిళనాడు సరిహద్దులో ఉన్న కొట్టకుప్పం వద్ద ఒక తండ్రి, తన ఏడేళ్ల కొడుకుతో స్కూటరు మీద వెళుతున్నాడు. వెంట నాటు టపాకాయల సంచి ఉంది. అది దారిలోనే పేలింది. తండ్రీ కొడుకులిద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. మూడేళ్ల తరువాత, 2024 అక్టోబరు 31న, అదీ దీపావళి నాడే, ఏలూరులో ఉల్లిపాయ బాంబుల సంచితో వెళుతున్న ద్విచక్ర వాహనం గోతిలో పడింది. సంచి పేలి ఒకరు మరణించారు, ఆరుగురు గాయపడ్డారు.

ఈ రెండు చోట్లా ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. కొన్ని మందులకు నిప్పు అక్కరలేదు, రాపిడి చాలు, కుదుపు చాలు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందు కొంత ఓర్పు గలది. గంధకంలో క్లోరేటు కలిస్తే ఆ ఓర్పు పోతుంది. అందుకే గంధకంతో క్లోరేటు కలిపిన బాణసంచాను కేంద్రప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పెట్టె మీద తయారీదారు పేరు, లైసెన్సు వివరం లేని సరుకులో ఏ మందు కలిసిందో కొన్నవారికీ తెలియదు, చాలాసార్లు అమ్మినవారికీ తెలియదు. చవగ్గా వచ్చిందని కొనకూడనిది ఇదే. వత్తి ఉన్న టపాకాయను నిందిస్తాం గాని, సంచిలో ఊగుతూ వచ్చే ఉల్లిపాయ బాంబే ఎక్కువ భయపెట్టేది.

శబ్దానికీ కొలత ఉంది. పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు మించే టపాకాయను తయారుచేయరాదు, అమ్మరాదు. సరాలకు పరిమితి ఇంకా తక్కువ. సరంలోని టపాకాయల సంఖ్యకు 10 ఆధారంగా సంవర్గమానం కట్టి, 5తో హెచ్చించి, ఆ మొత్తాన్ని 125 నుంచి తీసివేయాలి. వంద టపాకాయల సరమైతే 10 తగ్గి 115 అవుతుంది. పదకొండో తరగతివారు వెయ్యి వాలాకు లెక్క కట్టి చూడవచ్చు. 2018 తీర్పు మాత్రం ఈ లెక్కతో పని లేకుండా సరాలనే వద్దంది. పచ్చరంగు వెలుగుకు వాడే బేరియం లవణాలనూ వద్దంది. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం కాబట్టి జిప్మర్ ప్రహరీ పక్కన సీమటపాకాయ కూడా తప్పే.

ఉత్సవాల్లో జరిగే పెద్ద ప్రదర్శనలకు వేరే అనుమతి తీసుకోవాలి. 2016 ఏప్రిల్ 10న కేరళలోని కొల్లం జిల్లా పుట్టింగల్ ఆలయంలో అర్ధరాత్రి దాటాక జరిగిన బాణసంచా ప్రమాదంలో వందమందికి పైగా చనిపోయారు. పోటీ బాణసంచాకు జిల్లా యంత్రాంగం అనుమతి నిరాకరించింది. అయినా కాల్చారు.

మన ఇంటి ముందు కాల్చేటప్పుడు చూసుకోవలసినవి మీకు తెలిసినవే. నూలు బట్టలు కట్టుకోవాలి, చెప్పులు వేసుకోవాలి, బకెట్టు నీళ్లు దగ్గర పెట్టుకోవాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. వెలగని టపాకాయ మీదికి వంగి చూడకూడదు. కాసేపు ఆగి దాని మీద నీళ్లు పోయాలి. చెయ్యి కాలితే సిరా, పేస్టు, వెన్న పూయవద్దు. కుళాయి కింద పది ఇరవై నిమిషాలు చల్లటి నీరు పారనివ్వాలి. పెద్ద గాయమైతే 108కి ఫోను చేయాలి.

మిగిలిన టపాకాయలను సెలవులకు అమ్మమ్మగారి ఊరికి రైల్లో తీసుకుపోవాలని ముచ్చటపడేవారు ఉంటారు. రైల్వే చట్టం 164వ సెక్షను ప్రకారం రైల్లో పేలుడు సరుకు తీసుకెళితే మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మిగిలినవాటిని కార్తీక పౌర్ణమికి ఇక్కడే కాల్చుకోండి. తడిసి పాడైనవాటిని ఒక రాత్రంతా బకెట్టు నీళ్లలో నానబెట్టి, ఆ తరువాత చెత్తలో వేయండి.