చైన్ సాగదు, అరుగుతది

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు మా ఊరు కందకుర్తి. మంజీర, హరిద్ర అక్కడే గోదావరిలో కలుస్తాయి. ఇంటర్ రెండేండ్లూ నేను అక్కడి నుంచి రెంజల్ మీదుగా బోధన్‌కు సైకిల్ మీదే పోయిన. అది మా తాత సైకిల్. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఆయన దాని మీదే పనికి పోయేవాడు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. సైకిల్ మాత్రం నా దాకా వచ్చింది.

మెకానికల్ బ్రాంచిలో చేరినంక అరుగుదల గురించి చదువుతుంటే నాకు ప్రతి పేజీలోనూ ఆ సైకిలే కనబడింది. అందుకే ఈ వ్యాసం. హాస్టల్ ముందు సైకిల్ స్టాండులో ఉన్న మిత్రులందరికీ పనికొస్తదని రాస్తున్న.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. సెకండియర్ పరీక్షలకు వారం ముందు చైన్ మాటిమాటికీ ఊడిపోతుంటే బోధన్‌లో సైకిళ్లు బాగుచేసే చాచా దగ్గరికి పోయిన. "చైన్, ఫ్రీవీల్ రెండూ మార్చాలె బేటా" అన్నడు. నా జేబులో చైన్‌కే పైసలున్నయి. "చైన్ సాగింది గదా చాచా, అదొక్కటే వెయ్యి" అన్న. ఆయన నవ్వి, "ఇనుము రబ్బరా, సాగనీకె? అరుగుతది" అన్నడు. నేను వినలేదు. కొత్త చైన్ వేయించుకొని వచ్చిన.

ఫిజిక్స్ పరీక్ష నాడు చిన్న ఎత్తు ఎక్కుతూ సీటు మీంచి లేచి గట్టిగా తొక్కిన. కటక్‌మని చైన్ పళ్ల మీంచి జారింది. కాలు గాలిలోకి పోయింది, నేను రోడ్డు మీద పడ్డ. మోకాలు చీరుకపోయింది. అప్పట్లో పరీక్షకు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బోధన్ వైపు పోతున్న పసుపు ట్రాక్టరాయన ఆపి, సైకిల్‌ను బస్తాల మీదికి ఎక్కించి, నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు. గేటు దగ్గర దిగేసరికి తొమ్మిదికి నాలుగు నిమిషాలు తక్కువ. ఆ నాలుగు నిమిషాలు లేకుంటే ఈ ఏడాది నేను మీ మధ్య ఉండకపోదును.

ఇప్పుడు పాఠం. మనం వాడే రోలర్ చైన్ రూపాన్ని హాన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టర్‌లో తయారుచేసిండు. అందులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం. పిన్ను చుట్టూ బుష్, దాని మీద రోలర్ ఉంటయి. చైన్ వంగిన ప్రతిసారీ పిన్ను, బుష్ ఒకదానికొకటి రాసుకుంటయి. అరిగేది అక్కడే. పట్టీల పొడవు మారదు.

ఎన్నిసార్లు వంగుతదో లెక్కేద్దాం. నా సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు, చైన్‌లో సుమారు 100 లింకులు. చక్రం చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. కిలోమీటరుకు చక్రం 455 సార్లు, పెడల్ 186 సార్లు తిరుగుతయి. అంటే చైన్ మొత్తం దాదాపు 82 చుట్లు తిరుగుతది. ఒక్కో చుట్టులో ప్రతి కీలు నాలుగు సార్లు వంగుతది: ముందు పళ్ల చక్రం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, వెనుక ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. కిలోమీటరుకు దాదాపు 330 సార్లు. వెయ్యి కిలోమీటర్లకు మూడు లక్షల పైచిలుకు!

దీనికి దుమ్ము తోడైతే చెప్పేదేముంది. మా ఏటి ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలు మీద 7. అది నూనెతో కలిసి కీలులోకి దూరితే సానబట్టే ముద్దలాగా పనిచేస్తది. చైన్ మీద నూనె కారేటట్టు పోస్తే మంచిదని నేను అనుకునేవాణ్ని. అది తప్పు. నూనె కీళ్ల లోపల ఉండాలె, పైన కాదు. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైనున్నదంతా పాత గుడ్డతో తుడవాలె. వానాకాలంలో తడిసిన రోజు రాత్రే ఈ పని చేస్తే తుప్పు పట్టదు.

ఇక కొలత. స్కేలు తీసుకొని ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెట్టండి. కొత్త చైన్ అయితే సరిగ్గా 12 అంగుళాలు వస్తది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే అర శాతం పెరిగినట్టు, చైన్ మార్చే టైమొచ్చింది. ఎనిమిదో వంతు ఎక్కువొస్తే ఒక శాతం దాటినట్టు. ఎనిమిదో వంతు అంటే సుమారు 3.2 మిల్లీమీటర్లు. 24 కీళ్లకు పంచితే ఒక్కోదానికి 0.13 మిల్లీమీటర్లు. మనిషి వెంట్రుకలు రెండు పక్కపక్కన పెట్టినంత. నన్ను కింద పడేసింది అదే.

ఎట్లంటే, పొడవైన చైన్‌తో తిరిగీ తిరిగీ ఫ్రీవీల్ పళ్లు కూడా దాని కొలతకే అరుగుతయి, కొడవలి మొనలాగా వంగుతయి. పాతదానికి పాతది సర్దుకుపోతది. కొత్త చైన్ వేస్తే దాని అర అంగుళం ఆ పళ్లకు కుదరదు. మెల్లగా తొక్కితే తెలవదు. బరువు పడగానే రోలర్ పన్ను మీదికి ఎక్కి జారుతది. చైన్‌ను ముందే మార్చుకుంటే ఫ్రీవీల్ బతుకుతది. ఆలస్యం చేస్తే రెండూ కొనాలె.

మిగతావి కూడా చూసుకోండి. బ్రేక్ రబ్బరు అరిగి లోపలి ఇనుము రిమ్ముకు తగలొద్దు. టైరులో దారాలు కనబడితే ఇంక ప్యాచీలతో నెట్టుకురావొద్దు. పుల్లలు వేలితో మీటి చూడండి. ఒకటి వదులైతే దాని బరువు పక్కవాటి మీద పడి, అవి మెడ దగ్గర విరుగుతయి. ఎడమ పెడల్ మర తిరకాసుది. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలె. తెలియక బలం పెడితే మర చెడిపోతది.

పరీక్షలయినంక ఫ్రీవీల్ మార్పించుకోనీకె మళ్లీ చాచా దగ్గరికి పోయిన. పాతదాన్ని నా చేతిలో పెట్టి, "పళ్లు చూడు" అన్నడు. చూసిన. అది ఇప్పుడు నా హాస్టల్ టేబుల్ మీద పేపర్ వెయిట్. ఈ ఆదివారం ఎవరన్నా స్కేలు పట్టుకొని సైకిల్ స్టాండుకు వస్తే, నేనూ వస్త. అందరివీ కొలుద్దాం.