భూమిలో పోసే పైసకు లెక్క అడుగుదాం, చెల్లె

ఎవరన్నా ఇల్లు కట్టుకుంటున్నమని చెప్తే మనం అడిగేవి ఏంటియి చెల్లె? వంటిల్లు ఎటు దిక్కు, టైల్స్ ఏ రంగు, సీలింగ్ చేయిస్తున్నరా అని. పునాది ముచ్చట మాత్రం ఇంటాయనకూ మేస్త్రీకీ ఒదిలేస్తం. ఇయ్యాల మన ముచ్చట్లు ఆ పునాది మీదనే.

కమాన్‌పూర్ చుట్టుపక్కల ఇల్లు కట్టాలంటే పైసలు ఎక్కడివి? బొగ్గు బాయి కొలువు అయిపోయి, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసేనాటికి చేతికొచ్చే గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి), అంతకుముందు ఏటేటా దాచుకున్న లాభాల వాటా. కొందరికైతే ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షలు. అందుల మొదటి లక్ష కూడా బేస్‌మెంట్ అయినంకనే వస్తది, ముందుగాల పెట్టుకోవాల్సింది మనమే. గీ పైసలు రెండోసారి రావు. అందుకే భూమిల ఎంత పోస్తున్నం, ఎందుకు పోస్తున్నం అన్నది మనకు తెల్వాలె.

ఆదివరాహస్వామి బండ మీద వెలిసిన ఊరు మనది. కానీ ఊరంతా బండే ఉండదు కదా. ఒకచోట నాలుగడుగులకే గట్టి మొరం తగుల్తది, ఇంకోచోట ఎంత తవ్వినా నల్లరేగడే. రేగడిల ఉండే బంకకు నీళ్లు తాగే గుణం ఉంది. వానకు ఉబ్బి పునాదిని పైకి లేపుతది, ఎండకు కుంచించుకపోయి నెర్రెలు విచ్చుతది. ఇల్లు ఏటా లేసుడు, దిగుడు. దర్వాజలు, కిటికీల మూలల నుంచి గోడ మీదికి ఏటవాలుగ పగుళ్లు పాకుతుంటే, వానకాలం తలుపులు పట్టేస్తుంటే, సున్నం కొట్టిస్తే ఆగదు. రోగం కింద ఉంది.

దీనికి మందు మన దేశంలనే ఉంది. 1947ల రూర్కీల పెట్టిన కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసం అండర్ రీమ్డ్ పైల్స్‌ను పైకి తెచ్చింది. అడుగు వెడల్పున బోరు తీసి, అడుగున ఉల్లిగడ్డ లెక్క ఉబ్బెత్తు చేసి, సలాకల బుట్ట దింపి కాంక్రీట్ పోస్తరు. ఆ ఉబ్బెత్తు బోరు కన్న రెండున్నర రెట్లు వెడల్పు ఉంటది. ఎండ, వాన సంగతి తెల్వని లోతుల అది కూసుంటది కాబట్టి పై మన్ను ఎంత కదిలినా ఇల్లు కదలదు. లోతైన రేగడిల ఈ పైల్ 3.5 మీటర్లకు, అంటే పదకొండున్నర అడుగులకు తక్కువ ఉండొద్దని పైల్ పునాదుల భారత ప్రమాణం ఐఎస్ 2911 చెప్తది.

ఇప్పుడు ఖర్చు. పైల్ అనంగనే అది అపార్ట్‌మెంట్లకే, మనతోని కాదు అని భయపడతరు. లెక్క నువ్వే చూడు. అడుగు వెడల్పు, పదకొండున్నర అడుగుల లోతు పైల్‌కు ఉబ్బెత్తు కలిపి సుమారు 11 ఘనపుటడుగుల కాంక్రీట్. సిమెంట్ మూడు బస్తాల లోపు. నాలుగు 12 ఎంఎం సలాకలు, రింగులు కలిపి ఇనుము 20 కిలోల చుట్టూ. ఇంటికి 16 పైల్స్ పడ్డయనుకో, సిమెంట్ 48 బస్తాల లోపు, ఇనుము 320 కిలోల చుట్టూ. అదే గుంత తవ్వి ఐదడుగుల చదరపు ఫుటింగ్ (కాంక్రీట్ దిమ్మ), అడుగుంపావు మందం వేస్తే ఒక్కదానికే 31 ఘనపుటడుగుల కాంక్రీట్, మళ్ల గుంత తవ్వకం, పూడ్చుడు వేరే. లోతు రేగడిల పైల్‌కు సామాను తక్కువే పడుతది. కానీ గోడలు కలిసే ప్రతి మూలకు ఒక పైల్ కావాలె కాబట్టి పైల్స్ గుంతల కన్న ఎక్కువే అయితయి. బోరు తీసే కూలి, పైల్స్ మీద గోడలను మోసే ప్లింత్ బీమ్ ఖర్చు కూడా కలుపుకోవాలె. సామాను, కూలి, బీమ్ - ఈ మూడు లెక్కలు విడివిడిగ రాసివ్వమను. అన్నీ కలిపి ఒక్క మొత్తం చెప్తే ఒప్పుకోకు.

ఇంకోటి, ఈ బోరును చేతితోని తిప్పే ఆగర్‌తో తీయొచ్చు. పెద్ద రిగ్గు తెప్పిస్తే పది పైల్స్‌కైనా వందకైనా బండి తోలిన కిరాయి అంతే పడుతది. ఒక్క ఇంటికి అది బరువు.

పైల్ అక్కర్లేని కాడ వేసుకునుడు కూడా దండుగే. నాలుగైదు అడుగులకే గట్టి మొరం వస్తే మామూలు ఫుటింగ్ చాలు. రేగడి మందం తక్కువైతే దాన్ని తీసేసి, మొరం పొరలు పొరలుగ పోసి దిమ్మిస కొట్టించుడు చౌక. పోసిన మట్టి మీద, పూడ్చిన గుంతల మీద మాత్రం చిన్న పైల్స్‌ను నమ్ముకోవద్దు. కింద బొగ్గు తీసిన జాగ అయితే అసలు పైలే మందు కాదు, ఎందుకంటే నేల కుంగితే పైల్‌తో కలిపే కుంగుతది. ప్లాట్ కొనకముందే, దాని కింద గని పని నడిచిందా అని మ్యాపులున్న కాడ అడిగి తెల్సుకోవాలె.

మన్ను సంగతి ఎట్ల తెల్వాలె? ల్యాబుల చేసే పరీక్ష ఒకటుంది. జల్లించిన ఎండుమన్ను 10 గ్రాములు నీళ్లున్న గాజు గొట్టంల, ఇంకో 10 గ్రాములు కిరోసిన్ ఉన్న గొట్టంల పోసి ఒకరోజు ఉంచుతరు. కిరోసిన్‌ల మన్ను ఉబ్బదు. నీళ్లల్లది దాని కన్న 50 శాతం మించి పెరిగితే జాగ్రత్త పడాల్సిన మన్ను. ఈ పరీక్షకయ్యే పైసలు ఇంటి ఖర్చుల లెక్కకే రావు.

నేల కింది పనిని చిన్నగ చూడొద్దని మన గోదారే చెప్పింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీల ఏడో బ్లాక్ పియర్లు (స్తంభాలు) కుంగినయి. పునాది కింది ఇసుక కొట్టుకపోవుడు అందుకు ఒక కారణమని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు చెప్పిన్రు. వేల కోట్ల కట్టడానికే గట్లయితే మన ఇల్లు ఎంత?

పైల్స్ వేయిస్తే నువ్వు దగ్గరుండి చూడాల్సినయి రెండు. బోరు తీసిన నాడే కాంక్రీట్ పడాలె, రాత్రంతా తెరిచి ఉంచితే పక్కమన్ను కూలి లోపల పడుతది. అందుకే ఈ పని ఎండకాలంల పెట్టుకో. రెండోది, ప్లింత్ బీమ్ కింద 8 సెంటీమీటర్ల సందు ఖాళీగ ఉండాలె. మేస్త్రీలు మన్నుతోని పూడ్చి చదును చేస్తరు. పూడ్చితే రేగడి ఉబ్బి బీమ్‌నే లేపుతది, పైల్స్‌కు పెట్టిన పైసంతా వృథా.

టైల్స్ పదేండ్లకు మార్చుకోవచ్చు, రంగు ఎప్పుడన్నా వేసుకోవచ్చు. పునాది ఒక్కసారే వేస్తం. ముగ్గు పోసేనాడు పూజ పళ్లెంతో నిలబడ్డట్టే, ముందురోజు ఇంజనీర్ కాడ కూడా నిలబడు చెల్లె. మన్ను పరీక్ష కాయితం ఏదని అడుగు. అది చేతికి రానిదే గడ్డపార పడనియ్యకు.