వాస్తుశిల్పి బాధ్యత

ఇల్లు కట్టించేవాడు ఒకడు, కట్టేవారు పలువురు, అందులో నివసించేవారు తరతరాలవారు. వీరందరి నడుమ నిలిచి, ఊహను కాగితంపై రేఖలుగా మలచేవాడు వాస్తుశిల్పి. దిక్కులు చూసి శుభాశుభాలు చెప్పే వాస్తుపండితుడు వేరు, ఇతడు వేరు. ఇతనికి రుసుము చెల్లించేది యజమాని. కాని ఇతడు గీసిన గీతల మంచిచెడ్డలను అనుభవించేవారు ఆ యజమానికి ముఖపరిచయమైనా లేనివారు. ఈ వృత్తిలోని ధర్మసంకటమంతా ఇక్కడే ఉంది.

2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో పెను భూకంపం సంభవించింది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో సైతం అనేక బహుళ అంతస్తుల భవనాలు కూలి, వందలాదిమంది మరణించారు. కూలినవాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. వాహనాలు నిలుపుకోవడానికి కింది అంతస్తును గోడలు లేకుండా స్తంభాలపైనే వదిలివేశారు. పై అంతస్తులలో ఇటుక గోడలు స్తంభాలకు అండగా ఉండి కట్టడాన్ని బిగువుగా నిలుపుతాయి. కింద ఆ అండ లేదు. భూమి కంపించినప్పుడు పైభాగమంతా ఒకే పెట్టెవలె కదలగా, ఆ ఊపు కింది స్తంభాలపై పడుతుంది. అవి విరిగితే భవనమంతా నేలకూలుతుంది. భూకంపాలను తట్టుకొనే నిర్మాణాలకు భారతీయ ప్రమాణాల సంస్థ నియమాలు అప్పటికే ఉన్నాయి. చాలాచోట్ల అవి పుస్తకాలలోనే మిగిలిపోయాయి. 2002లో సవరించిన ప్రమాణం, ఇటువంటి అంతస్తులోని స్తంభాలను, దూలాలను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి రూపొందించాలని, లేదా తగిన కాంక్రీటు గోడలు ఏర్పరచాలని సూచించింది.

స్తంభాల లెక్క కట్టేది ఇంజనీరు కదా అని వాదించవచ్చు. నిజమే. అయితే కింది అంతస్తు ఖాళీగా ఉండాలని మొదట నిర్ణయించేది వాస్తుశిల్పి పటమే.

మన దేశంలో ఈ వృత్తికి 1972లో చట్టం ఏర్పడింది. 1989లో ప్రవర్తనా నియమావళి వచ్చింది. వృత్తి వ్యవహారాలు పర్యావరణానికీ, సమాజ భావి సంక్షేమానికీ విరుద్ధంగా ఉండరాదని అది ఆదేశిస్తుంది. కమిషన్లు, కానుకలు పుచ్చుకోవడాన్ని నిషేధిస్తుంది. దుష్ప్రవర్తన రుజువైతే వాస్తుశిల్ప మండలి పట్టికనుండి పేరు తొలగించవచ్చు. అయితే ఆ చట్టం 'ఆర్కిటెక్ట్' అనే బిరుదును మాత్రమే రక్షిస్తుందని, నమోదు కానివారు భవనాలకు రూపకల్పన చేయడాన్ని నిషేధించదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలోనూ స్తంభాలపై నిలిచిన అపార్టుమెంట్లు వీధివీధినా కనిపిస్తాయి. వాహనాలకు చోటు కావలసిందే. గోడ కడితే ఒక కారు స్థలం తగ్గుతుందని యజమాని వెనుకాడినప్పుడు, ఆ గోడ ఎందుకు అవసరమో ఓర్పుతో నచ్చజెప్పవలసినవాడు వాస్తుశిల్పి. ఇల్లు కొనేవాడు గచ్చును, రంగులను చూడగలడు. స్తంభంలోని ఇనుమును చూడలేడు. యజమాని వినకపోతే వాస్తుశిల్పికి మిగిలేది పటంపై సంతకం నిరాకరించడమే. అది తేలిక కాదు. వచ్చిన పని పోతుంది, అదే పటం మరునాడు మరొకరి బల్లమీదికి చేరుతుంది.