ప్రాత శ్వాసనియామకములు: వాని సంగ్రహము, పునరుద్ధరణము

విద్యార్థులారా! నీటిలో మునిగినవాడు ఊపిరి బిగబట్టి యెంతసేపుండగలడు? సామాన్యునకు ఒకటి రెండు నిమిషములే గగనము. ఈ మితిని దాటుటకై మనుష్యుడు కల్పించిన సాధనములలో రెగ్యులేటరు అను చిన్న యంత్రము ముఖ్యమైనది. దీనిని మన భాషలో శ్వాసనియామకమనవచ్చును. నేటి డైవర్లు వాడునవి క్రొత్త రీతివి. కాని 1940 మొదలు 1970 వరకు తయారైన ప్రాతవానిని వెదకి కూర్చి, బాగుచేసి, కాపాడువారు యూరపు, అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో పలువురు గలరు. వారి పని వట్టి వేడుక కాదు. అందు భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, చరిత్ర, అన్నిటికంటె మిన్నగా సత్యము ఇమిడియున్నవి. ఎట్లనగా చెప్పెదను.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక్కొక్క వాతావరణ పీడనము హెచ్చును. నీటిపైన 1 వాతావరణ పీడనముండగా, 10 మీటర్లలో 2, 20 మీటర్లలో 3, 30 మీటర్లలో 4 అగును. ఆ బరువు మన ఱొమ్మును నొక్కుచుండగా, పైనుండి ఒక గొట్టమును నోటికి దెచ్చుకొన్నంత మాత్రమున గాలి పీల్చుకొనజాలము. లోపలికి వచ్చు గాలియు చుట్టునున్న నీటితో సమానమైన పీడనము గలదై యుండవలెను. వీపుననున్న సీసాలోని గాలి 150 వాతావరణముల పీడనముతో కుదింపబడియుండును. దానిని సూటిగా పీల్చినచో ఊపిరితిత్తులు పగులును. కావున ఊపిరి తీసినపుడు మాత్రమే, కావలసినంత మాత్రమే, తగిన పీడనముతో గాలినిచ్చు ద్వారపాలకుడొకడు కావలెను. ఆ ద్వారపాలకుడే శ్వాసనియామకము.

దీనికి మూలపురుషులు ఫ్రాన్సు దేశీయులు. బెన్వా రుకేరోల్ అను గనుల యింజనీరు, గనులలో చెడుగాలివలన ఆపద పొందువారికి తోడ్పడుటకై 1860వ సంవత్సరమున ఒక నియామకమును కల్పించెను. నౌకాదళపు అధికారియైన ఒగ్యుస్త్ దెనెరూజ్ ఆయనతో గలిసి 1864 ప్రాంతమున దానిని డైవర్లకు అనువుగా మార్చెను. కాని ఆనాడు మిక్కిలి హెచ్చు పీడనమునకు ఓర్చు సీసాలు లేనందున, గాలిని పైనుండి గొట్టము ద్వారా పంపవలసివచ్చెను.

తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో పెట్రోలు దొరకక, జనులు మోటారుబండ్లను వాయువుతో నడుపసాగిరి. వాయువును యింజనునకు కావలసినంత మాత్రమే వదలు కవాటమును ఎమీల్ గాన్యాన్ అను యింజనీరు నిర్మించియుండెను. 1942 డిసెంబరులో నౌకాదళాధికారి జాక్ కుస్తో పారిసు నగరమున ఆయనను కలిసికొని, నీటిలో ఊపిరికి అట్టి కవాటము పనికివచ్చునా యని యడిగెను. ఇరువురును గలిసి యొక యంత్రమును జేసి, 1943 ఆరంభమున మార్న్ నదిలో పరీక్షించిరి. అడ్డముగా ఈదినపుడు అది చక్కగా పనిచేసెను. నిలువుగా నిలిచినపుడు గాలి వృథాగా పొంగిపోయెను. తలక్రిందులైనపుడు ఊపిరి కష్టమయ్యెను.

కారణమేమి? నియామకము వీపునను, విడిచిన గాలి వెడలు రంధ్రము నోటియొద్దను ఉండెను. దేహము తిరిగినపుడు ఆ రెండు స్థలముల లోతులు వేరగును. లోతులు వేరైనచో పీడనములును వేరగును. వారు ఆ గాలిని రెండవ గొట్టము ద్వారా వెనుకకు త్రిప్పి, నియామకపు పొర ప్రక్కనే వెడలునట్లు అమర్చిరి. లోపము తొలగెను. ఆ వేసవిలోనే కుస్తో దానిని ధరించి మధ్యధరా సముద్రమున మునిగెను. 1946లో అమ్మకమునకు వచ్చిన ఆ నియామకమునకు సీజీ 45 అని పేరు. ఆ రెండక్షరములు కుస్తో, గాన్యాన్ పేర్ల మొదటి యక్షరములే.

సంగ్రాహకులు మిక్కిలి ప్రేమించునవి ఈ రెండు గొట్టముల నియామకములే. 1955లో ఫ్రాన్సున వెలువడిన మిస్త్రాల్, 1958లో అమెరికాలో వెలువడిన డీఏ ఆక్వామాస్టరు ప్రసిద్ధములు. ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్డ్రెడ్ నిర్మించిన పోర్పస్ వంటి ఒంటిగొట్టపు నియామకములు వ్యాపించిన పిమ్మట రెండు గొట్టములవి క్రమముగా వెనుకబడెను.

ఇక పునరుద్ధరణమును గూర్చి తెలిసికొందము. నియామకము చూచుటకు గుండ్రని యిత్తడి డబ్బా. దానిపై క్రోమియపు పూత యుండును. లోపల పలుచని రబ్బరుపొర డబ్బాను రెండు గదులుగా విభజించును. ఒక గదిలో నీరు, రెండవదానిలో గాలి. ఊపిరి తీసినపుడు గాలిగదిలో పీడనము తగ్గి, నీరు పొరను లోనికి నెట్టును. పొర మీటను నొక్కును. మీట కవాటమును తెరచును. విడిచిన గాలి పోవుటకు బాతుముక్కు వంటి రబ్బరు కవాటము గలదు. అది గాలిని వెలికి పంపును గాని నీటిని లోనికి రానీయదు.

డబ్బాను విప్పగానే ఉప్పునీటివలన పుట్టిన పచ్చని చిలుము కానవచ్చును. మన తల్లులు ఇత్తడి చెంబులను చింతపండుతో తోముట మీరెరుగుదురు. అందలి ఆమ్లము చిలుమును కరగించును. ఇక్కడను సూత్రమదియే. నీరు కలిపిన వెనిగరులో భాగములను కొంతసేపు నానవేసి, మంచినీట కడిగి ఆరబెట్టుదురు. కాని ఇసుకతోగాని బూడిదతోగాని రుద్దరాదు. కవాటము కూర్చుండు అంచున సన్నని గీత పడినను గాలి కారును. ఆమ్లములో మిక్కిలిసేపు విడిచినచో ఇత్తడిలోని తుత్తునాగము కరగిపోయి, లోహము ఎఱ్ఱవారి బలహీనమగును. తొందర పనికిరాదు, ఆలస్యమును పనికిరాదు.

రబ్బరునకు ఆయువు తక్కువ. అది యేండ్లు గడచినకొలది గట్టిపడి చీలును. కావున పొరను, గొట్టములను, బాతుముక్కును, కవాటపు మెత్తలను క్రొత్తవి వేయుదురు. నేడు సిలికోనుతో చేసినవి లభించుచున్నవి. లోపల సాధారణమైన నూనె రాయరాదు. హెచ్చు పీడనపు గాలిలో నూనె అంటుకొను ప్రమాదము గలదు. బాతుముక్కును పొర ప్రక్కనుండు తన స్థానముననే నిలుపవలెను. అది తప్పినచో మార్న్ నదినాటి లోపము మరల పుట్టును.

అంతయు కూర్చిన తరువాత, నీరు పోసిన వంపు గాజుగొట్టమునకు తగిలించి, ఎంత కొంచెపు పీల్పునకు కవాటము తెరచుకొనునో కొలుతురు. ఆ కొలత కొన్ని సెంటీమీటర్ల నీటిమట్టమును మించరాదు. అయినను బల్లమీద సరిగా పనిచేసినంత మాత్రమున నీటిలో దిగుటకు అర్హమని తలంపరాదు. శిక్షణము పొందిన నిపుణుడు పరీక్షింపవలెను. ధరించువాడును డైవింగు నేర్చినవాడై యుండవలెను.

ఇచ్చట సంగ్రాహకుని మనస్సునకు ఒక పరీక్ష కలుగును. తళతళలాడు క్రొత్తపూత వేయించి, ప్రాత పేరుబిళ్ళ నంటించినచో చూచువారు మెచ్చుకొందురు, వెలయు హెచ్చు పలుకును. కాని ఆ పూతక్రింద అరిగిన లోహముండవచ్చును. కొన్నవాడు దానిని నమ్మి నీటిలో దిగినచో ప్రాణమునకే ముప్పు. కావున ఉత్తముడైన సంగ్రాహకుడు గీతలను, సంఖ్యలను చెరపడు. ఏ భాగము మూలమైనది, ఏది క్రొత్తది, ఏ దినమున మార్చినది అని చీటీ వ్రాసి జతపరచును. నీటికి తగనిదానికి “ప్రదర్శనమునకు మాత్రమే” అని స్పష్టముగా కట్టును.

బాలబాలికలారా! మీ యిండ్లలోను తాతలనాటి గడియారమో, త్రాసో, కుట్టుమిషనో ఉండవచ్చును. దానిని బాగుచేయబూనినపుడు మొదట అది యెట్లు పనిచేయునో తెలిసికొనుడు. నశించినదానిని మార్చుడు, నిలిచినదానిని కాపాడుడు, మార్చినదానిని దాచక చెప్పుడు. ఈ మూడును పాటించినవాని చేతిలోనే ప్రాతవస్తువు నమ్మదగినదై మరల బ్రదుకును.