ఎండాకాలంలో రైతు బజారు: బుట్టకు ఇటు మనం, అటు వారు

ఈ ఆరోగ్య పాఠాన్ని వార్డుల్లో నుండి కాక కూరగాయల బజారులో నుండి మొదలుపెడుతున్నాం. చదివే ముందు బైబిలులో రెండు భాగాలు గుర్తు పెట్టుకోండి: రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం 18 నుండి 20 వచనాలు, రూతు గ్రంథం 2వ అధ్యాయం. ముందు బజారు చూసి, తరువాత వాటి దగ్గరకు వద్దాం.

మధురానగర్, యూసుఫ్‌గూడ, వెంగళరావునగర్, ఎస్.ఆర్.నగర్ వైపు ఉండేవారికి ఎర్రగడ్డ రైతు బజారు దగ్గర. మధురానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎస్.ఆర్.నగర్, ఈ.ఎస్.ఐ. తరువాత ఎర్రగడ్డే. రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. అధికారులు పొలం చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. టోకు బేరంలో వచ్చేదానికంటే రైతుకు కొంత ఎక్కువ, చిల్లర అంగడిలో ఇచ్చేదానికంటే మనకు కొంత తక్కువ. అదే సంవత్సరం నవంబరులో తమిళనాడు కూడా మదురైలో ఇలాంటి సంతలు ప్రారంభించింది. రైతు బజారు దాకా వెళ్ళలేనివారికి కాలనీ వీధుల్లో వారానికొకసారి కూర్చునే సంత ఉండనే ఉంది. అక్కడ కార్డులు, బోర్డులు ఉండవు గాని మనం చెప్పబోయే మాటలు అక్కడికీ వర్తిస్తాయి.

ఎంత కొనాలి? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైన కూరగాయలే. మన ఇళ్ళలో అన్నం గుట్టగా, కూర చెంచాడుగా వడ్డించుకునే అలవాటు ఉంది గనుక ఈ లెక్క చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. అమీర్‌పేట కోచింగులకు వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. వారి కంచంలో పలుచని సాంబారే కూర. మీ సంఘానికి వచ్చే హాస్టలు పిల్లలు ఉంటే ఆదివారం భోజనానికి పిలిచి, ఒక ఆకుకూర పప్పు, ఒక దోసకాయ కూర పెట్టండి. అది కూడా ఆరోగ్య సేవే.

ఎండాకాలపు బజారులో నీరున్న కూరగాయలు దండిగా ఉంటాయి. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, గంగవాయిలి కూర, తోటకూర, కొన్ని వారాలపాటు చింతచిగురు. ఆకుకూరలు ఉదయం తొందరగా కొనాలి, పదింటికల్లా వాడిపోతాయి. కట్ట విప్పి, కుళ్ళిన ఆకులు తీసి, పారే నీటిలో రెండు మూడు సార్లు కడిగి, ఆ తరువాతే తరగండి. తరిగి కడిగితే విటమిన్లు నీళ్ళలో పోతాయి. మిగిలిన కట్టను తడి నూలు గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు మంచివని విని ఇష్టమొచ్చినట్లు తీసుకోకూడదు. వాటిలోని పొటాషియం వారికి ప్రమాదం. మీ డాక్టరును అడగండి.

ఇక మామిడి. కార్బైడుతో పండించడం మన దేశంలో నిషేధం. తేమ తగిలితే కాల్షియం కార్బైడు నుండి ఎసిటిలీను వాయువు వస్తుంది, అది కాయను పండుబారుస్తుంది. బజారులో దొరికే కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరపు కల్మషాలు ఉంటాయి గనుకనే నిషేధం. పండ్లలో సహజంగా పుట్టే ఇథిలీను వాయువును గదుల్లో పరిమితంగా వాడటానికి మాత్రం 2016లో అనుమతి వచ్చింది. కాబట్టి గదిలో మాగిన ప్రతి పండూ విషం కాదు. పైన ఒకే రీతిగా పసుపు, లోపల గట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు అంటే అనుమానించండి. అన్నిటికంటే మంచిది, గట్టి కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో మాగవేసుకోవడం. రసాలను నోటితో పీల్చుకునేవారు తొక్కను బాగా రుద్ది కడగకుండా నోట పెట్టవద్దు. షుగరు ఉన్నవారికి పండు పూర్తిగా నిషిద్ధం కాదు, కాని భోజనం మీద ఇంకో పండు అన్న పద్ధతి కుదరదు.

మే నెలలో బజారు దగ్గర కత్తిపీటలు పెట్టుకుని ఆవకాయ ముక్కలు కొట్టేవారు కనిపిస్తారు. ఆవకాయ వద్దని చెప్పి తెలుగువారి ఇంట కలహం పెట్టడం మా ఉద్దేశం కాదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములలోపు, అంటే ఒక చెంచా కంటే తక్కువ. పప్పులో, కూరలో, పెరుగులో వేసుకున్నది దాటి పచ్చడిది అదనం. బి.పి. మాత్రలు వాడేవారు ఊట నూనెతో అన్నం ఎర్రగా కలుపుకోవడం మానుకుని, అంచుకు ఒక చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి.

ఇంతవరకు బుట్టకు ఇటువైపు మాటలు చెప్పుకున్నాం. అటువైపు ఎవరున్నారు?

చాలా చోట్ల ఒక తల్లి కూర్చుని ఉంటుంది. చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు ఊళ్ళలో చీకటితోనే లేచి, ఆకు కోసి, కట్టలు కట్టి, తెల్లవారేసరికి పట్నం చేరాలి. అన్నం తిని వచ్చే సమయం ఉండదు. పైన రేకుల కప్పు ఉన్నా పదకొండు దాటితే ఆ రేకే సెగ చిమ్ముతుంది. వీధి సంతలో అదీ ఉండదు, ఒక గొడుగో, చీర కొంగో. సరుకు తాజాగా కనబడాలని ఆకుల మీద మాటిమాటికి నీళ్ళు చల్లుతుంది, తాను మాత్రం తాగదు. ఎందుకు తాగవమ్మా అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "నీళ్ళు తాగితే లేవాలె గదమ్మా, బుట్ట ఎవరు చూస్తరు?" మూత్రశాల దూరం, శుభ్రత తక్కువ, గిరాకీ పోతుందన్న భయం. ఇలా గంటల తరబడి దప్పిక ఓర్చుకుని, మూత్రం ఆపుకునేవారిలోనే మూత్రంలో మంట, రాళ్ళు, జ్వరం ఎక్కువగా చూస్తాం. అదే మనిషికి మధ్యాహ్నపు ఎండలో వడదెబ్బ కూడా సులువుగా తగులుతుంది.

ఇప్పుడు షూనేముకు వెళ్దాం. ఎలీషా ప్రవక్తకు ఆతిథ్యమిచ్చిన స్త్రీకి లేక లేక కలిగిన కుమారుడు. వాడు కోత కోయువారి మధ్యనున్న తండ్రి దగ్గరకు వెళ్ళి తన తల గురించి రెండుసార్లు మొరపెట్టాడు. తండ్రి ఒక పనివానిని పిలిచి, వీణ్ణి తల్లి దగ్గరకు ఎత్తుకొని పొమ్మన్నాడు. మధ్యాహ్నం వరకు తల్లి ఒడిలో ఉండి పిల్లవాడు చనిపోయాడు. బైబిలు జబ్బు పేరు చెప్పలేదు. అయితే కోత కాలం, పొలం, తలనొప్పి, కొన్ని గంటల్లో మరణం, ఇవన్నీ చూసి దీన్ని వడదెబ్బ అని భావించిన వ్యాఖ్యాతలు చాలామంది. దేవుడు ఎలీషా ద్వారా ఆ పిల్లవాణ్ణి లేపాడు. ఆ మహిమ దేవునిదే. మన పాఠం మాత్రం ఉదయానికీ మధ్యాహ్నానికీ నడుమ గడిచిన ఆ గంటల గురించి. తండ్రి నిర్దయుడు కాడు, పనిలో ఉన్నాడు. తలనొప్పి అంటే చిన్న సంగతి అనుకున్నాడు. మన బజార్లలోనూ అంతే. కళ్ళు తిరుగుతున్నాయి అన్న మనిషిని ఇంటికి పోయి పడుకో అని ఆటో ఎక్కిస్తాం.

2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలుగా నిర్ణయించింది. ఈ సంగతి తెలియని పేద కుటుంబాలకు మీరు చెప్పండి. ప్రాణం నిలపడం అంతకంటే ముఖ్యం గనుక ఈ కింది మాటలు జాగ్రత్తగా చదవండి.

ఎక్కువ చెమట, తలనొప్పి, వాంతి వచ్చినట్లు ఉండటం, కాళ్ళ పిక్కలు పట్టేయడం, ఇవి మొదటి హెచ్చరికలు. నీడకు తీసుకుపోయి, నీళ్ళు తాగించి, పడుకోబెడితే చాలామంది కోలుకుంటారు. కాని మనిషి పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. శరీరం లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. చెమట పూర్తిగా ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, చెమట పడుతున్నవారికి కూడా వడదెబ్బ తగలవచ్చు. వెంటనే 108కి ఫోను చేయించండి. బండి వచ్చేదాకా ఊరికే ఎదురుచూడవద్దు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోస్తూ అట్టముక్కతోనో, కొంగుతోనో గట్టిగా విసరండి. బజారులో ఆకుల మీద చల్లడానికి బక్కెట్లలో నీళ్ళు ఉండనే ఉంటాయి, అవే పోయండి. మంచు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు గాని, నిమ్మరసం గాని పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతిలో ఉల్లిపాయ పెట్టి కూర్చోవడం, జ్వరం మాత్ర వేయడం, వీటివల్ల వడదెబ్బ తగ్గదు, సమయం పోతుంది.

స్పృహలో ఉన్నవారికి ఓ.ఆర్.ఎస్. మంచిది. పెద్ద ప్యాకెట్టు ఒకటి ఒక లీటరు నీటిలో మొత్తం కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అని గ్లాసుల లెక్కన కలపకండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు తలకొట్టు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపినది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయండి. మందుల షాపులో తియ్యని పానీయాల డబ్బాలను ఓ.ఆర్.ఎస్. పేరుతో కొని మోసపోయినవారు ఎందరో. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సంవత్సరాల తరబడి దీనిమీద పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా కొనే ముందు, ఆ సూత్రం ప్రకారం తయారైనదని ప్యాకెట్టు మీద ఉందో లేదో చూడండి. వేసవి సెలవుల్లో వి.బి.ఎస్.కు వచ్చే పిల్లలకు పాటలు, కథలతోపాటు ఓ.ఆర్.ఎస్. కలపడం ఒక రోజు చేయించి చూపించండి. ఇంటికి వెళ్ళి అమ్మమ్మకు నేర్పేది వారే.

రెండవ భాగం రూతుది. యవల కోతలో పరిగె ఏరుకోవడానికి వచ్చిన పరదేశి స్త్రీ ఆమె. బోయజు ఆమెకు చేసినవి వరుసగా చూడండి. ఆమెను ఎవరూ ముట్టకూడదని పనివారికి చెప్పాడు. దాహమైనప్పుడు పనివారు చేది పెట్టిన నీళ్ళు తాగమన్నాడు. భోజనవేళ పక్కన కూర్చోబెట్టి తినిపించాడు. భద్రత, నీళ్ళు, నీడన కూర్చుని తినే కాస్త సమయం. మా దగ్గరకు వచ్చే ఏ కూరలమ్మే తల్లికైనా మేము రాసిచ్చే చీటీలో ఇవే ఉంటాయి. నీళ్ళు ఆమె వెళ్ళి తోడుకోనక్కర లేకుండా ముందే ఎవరో తోడి ఉంచారన్న సంగతి ప్రత్యేకంగా గమనించండి.

ఎందుకంటే మన సంఘాలు ప్రతి ఏడూ చలివేంద్రాలు పెడుతున్నాయి, మంచిదే, కాని బజారు గేటు దగ్గర పెట్టిన చలివేంద్రం కొనేవారి దాహం తీరుస్తుంది. బుట్ట వదిలి లేవలేని తల్లికి అది అందదు. నీళ్ళే వరుసల వెంట నడిచి వెళ్ళాలి. స్త్రీల సమాజమువారు, యవనస్థులు జతలుగా వెళ్ళవచ్చు. తొమ్మిదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి. నీళ్ళు కాచి చల్లార్చినవో, క్లోరిన్ బిళ్ళ వేసినవో కావాలి. కామెర్లు, టైఫాయిడు పంచిపెట్టే చలివేంద్రం కంటే లేకపోవడమే మేలు. రంజన్లు రోజూ కడిగి మూత పెట్టాలి, గ్లాసు ముంచకుండా కుళాయి గాని పొడుగు కాడ గరిటె గాని వాడాలి. మజ్జిగ ఇస్తే ఆ పూటకే చేసి, చిటికెడు ఉప్పు వేసి, ఆ పూటకే అయిపోగొట్టాలి.

జతలో ఒకరు నీళ్ళు పోస్తుంటే రెండవవారు, స్త్రీ అయితే మరీ మంచిది, బుట్ట దగ్గర పది నిమిషాలు కూర్చోవాలి. ఆ తల్లి లేచి మూత్రశాలకు వెళ్ళి, ముఖం కడుక్కుని, తెచ్చుకున్న సద్ది తిని వస్తుంది. కూర్చునేవారు ఆమె లేవకముందే కట్ట ధర అడిగి తెలుసుకోవాలి, చిల్లర ఎక్కడ పెట్టాలో కనుక్కోవాలి, గిరాకీ వస్తే అమ్మాలి. బేరమాడేవారు ఎంత బతిమాలినా సొంతంగా ధర తగ్గించకూడదు.