"మా వంశమే లావండీ!" అనే మాటలో నిజమెంత?



పీటీఎంలో మార్కుల తర్వాత ఎక్కువగా వచ్చే విషయాల్లో పిల్లల బరువు ఒకటి. "వాడికి నానమ్మ పోలిక టీచర్, ఏం తిన్నా ఒంటికి పట్టేస్తుంది" అంటారు కొందరు. "అంతా వాళ్లమ్మ గారాబం" అంటారు మరికొందరు. మొదటి మాట తప్పును వంశం మీద వేస్తుంది, రెండోది తల్లి మీద వేస్తుంది. పదో తరగతిలో హెరిడిటీ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కూడా ఇదే అడుగుతారు: "అమ్మానాన్న లావైతే మేమూ లావవుతామా?" దీనికి సైన్స్ చెప్పే జవాబు అవును, కాదు అన్నంత చిన్నది కాదు. అందుకే ఈ నెల ఎపిజెనెటిక్స్ గురించి తెలుసుకుందాం.

జీన్ల పాత్ర ఎంత?

బరువులో వంశపారంపర్యం ఉన్న మాట నిజమే. 2007లో ఎఫ్‌టీఓ అనే జీన్‌కు, బరువుకు సంబంధం ఉందని శాస్త్రవేత్తలు గుర్తించారు. బరువు పెంచే రకం అమ్మ నుంచీ, నాన్న నుంచీ కూడా వచ్చిన పెద్దవాళ్లు, అసలు రానివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉన్నారు. 2011లో రెండు లక్షల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలు కలిపి చూస్తే, ఒంటికి పని చెప్పేవాళ్లలో ఈ జీన్ ప్రభావం దాదాపు పావు వంతు తగ్గింది. ఇలాంటి జీన్లు ఇంకా చాలా ఉన్నాయి.

అయితే జీన్లు నాలుగైదేళ్లలో మారిపోవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం. 2019-21 నాటికి 3.4 శాతం అయ్యారు. ఇంత తక్కువ కాలంలో మారింది పిల్లల చుట్టూ ఉన్న పరిస్థితులే.

పుస్తకం ఒకటే, మార్కింగ్ వేరు

పరీక్షల ముందు పిల్లలు టెక్స్ట్ బుక్‌లో మార్కింగ్ చేసుకోవడం మీరు చూసే ఉంటారు. కొన్ని పాఠాల పక్కన స్టార్ గుర్తు పెడతారు, కొన్నింటిని "ఛాయిస్" అని వదిలేస్తారు. పుస్తకంలో ఒక్క అక్షరం కూడా మారదు. కానీ ఏ పాఠం ఎక్కువ చదవాలి, ఏది మూసి పెట్టాలి అనేది ఆ గుర్తులే నిర్ణయిస్తాయి.

మన డీఎన్‌ఏ ఆ పుస్తకం లాంటిదే. దాని మీద ఉండే రసాయన గుర్తుల గురించి చెప్పే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఈ గుర్తుల్లో ముఖ్యమైనది మిథైల్ గ్రూపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. ఇది చాలా చోట్ల జీన్‌ను "ఛాయిస్"లో పెట్టేస్తుంది. ఇలాంటి గుర్తుల్లో చాలా భాగం బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే పడతాయి.

2003లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపించింది. ఒక రకం ఎలుకల్లో అగౌటీ అనే జీన్ ఆగకుండా పని చేస్తే పిల్ల పసుపు రంగులో పుట్టి, పెరిగాక బాగా లావవుతుంది. గర్భంతో ఉన్న తల్లి ఎలుకలకు ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 వంటివి కలిపిన మేత పెట్టినప్పుడు గోధుమ రంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయి. జీన్ అదే, దాని మీద మిథైల్ గుర్తులు మాత్రం పెరిగాయి. మనుషుల సంగతి ఇంత సూటిగా ఉండదు కాబట్టి దీన్ని చూసి సొంతంగా మాత్రలు వాడకూడదు.

మనుషుల్లో ఏం కనిపించింది?

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆహార సరఫరాను అడ్డుకోవడంతో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. ఆ రోజుల్లో తల్లుల కడుపులో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు సైనిక పరీక్షలకు వచ్చినప్పటి రికార్డులను 1976లో పరిశీలించారు. గర్భం మొదటి సగంలో కరువు తగిలినవారిలో ఊబకాయం ఎక్కువగా, చివరి నెలల్లో తగిలినవారిలో తక్కువగా కనిపించింది. అంటే ఆకలి ఒకటే అయినా, ఏ నెలలో తగిలిందన్న దాన్ని బట్టి ఫలితం మారింది.

2008లో మరో పరిశోధన వచ్చింది. గర్భం నిలిచే రోజుల్లో కరువు తగిలినవారిని, కరువు తగలని వారి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చారు. పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జీన్ మీద మిథైల్ గుర్తులు ఆరు దశాబ్దాల తర్వాత కూడా తక్కువగానే ఉన్నాయి. ఆ గుర్తులే బరువుకు కారణమని రుజువు కాలేదు. కానీ కడుపులో గడిచిన రోజుల జాడ అంతకాలం నిలిచి ఉంటుందని తేలింది.

మన దేశంలో పుణె దగ్గరి గ్రామాల్లో పుట్టిన బిడ్డలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి, డాక్టర్ యాజ్ఞిక్ బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. మన బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడి బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బయటికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు పాలు ఎక్కువన్నమాట. అందుకే "మావాడు బక్కగా పుట్టాడు, ఎంత పెట్టినా పరవాలేదు" అనుకోవడం సరికాదు. తక్కువ బరువుతో పుట్టి, ఆ తర్వాత గబగబా బరువు పెరిగే పిల్లలకే పెద్దయ్యాక షుగర్, బీపీ ముప్పు ఎక్కువ.

హైదరాబాద్ పక్క పల్లెల కథ ఆశ కలిగిస్తుంది. 1987-90 మధ్య కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ అదనంగా అందించారు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించారు. ఉప్మా అందని గ్రామాల పిల్లలకంటే వీళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి కూడా మెరుగ్గా ఉన్నాయి. కొవ్వు మాత్రం పెరగలేదు. ఈ పరిశోధన ఎపిజెనెటిక్ గుర్తులను కొలవలేదు. అయినా సరైన వయసులో అందిన మామూలు తిండి విలువ ఎంతో చూపించింది.

తల్లిని నిందించకండి

ఇదంతా చదివి "చూశావా, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదు" అని ఎవరూ అనకండి. నెదర్లాండ్స్ తల్లులు కరువును కోరుకోలేదు. గర్భిణి ఏం తింటుందో, ఎంత విశ్రాంతి తీసుకుంటుందో నిర్ణయించేది చాలా ఇళ్లలో ఆమె ఒక్కతే కాదు, కుటుంబమంతా. పైగా తండ్రి వాటా కూడా ఉండొచ్చు. లావుగా ఉన్న మగవాళ్ల వీర్యకణాల్లో ఎపిజెనెటిక్ గుర్తులు సన్నగా ఉన్నవారికంటే వేరుగా ఉన్నాయని, బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత అవి మారాయని 2016లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ మార్పులు బిడ్డల మీద ఎంత పని చేస్తాయనేది ఇంకా తేలాల్సి ఉంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

• ఆట: 5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షలున్నాయని పీటీ పీరియడ్, సాయంత్రం ఆట మాన్పించమని దయచేసి అడగకండి.

• నిద్ర: 6-12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు అవసరం. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది.

• టిఫిన్ బాక్స్: అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు లేదా పెరుగు పెంచండి. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో ఐదారు స్పూన్ల చక్కెర ఉంటుంది. పుట్టినరోజుకు పరవాలేదు, రోజూ వద్దు.

• మెడ: మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే మట్టి అనుకుని రుద్దకండి. అది ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదని చెప్పే గుర్తు కావచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించండి.

• మాట: "లడ్డూ", "బొండాం" అని ముద్దుకైనా పిలవకండి. క్లాసులో మరో పిల్లాడు అదే పేరుతో ఏడిపిస్తాడు. అలా పిలిపించుకున్న బిడ్డ గ్రౌండ్‌కు రావడం మానేస్తుంది. డైటింగ్ పేరుతో పస్తులూ ఉంచకండి. ఎదిగే పిల్లల విషయంలో బరువు ఒక్కటే కాదు, వయసు, ఎత్తు కలిపి గ్రోత్ చార్టు మీద డాక్టర్ చూడాలి.

• కాబోయే తల్లులు: ఇంట్లో పెళ్లీడు ఆడపిల్లలు, గర్భిణులు ఉంటే వాళ్ల రక్తహీనత సంగతి ఇప్పుడే పట్టించుకోండి. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు డాక్టర్ చెప్పినట్లు వాడించండి.

పిల్లలతో కలిసి చేయండి

ఈ ఆదివారం తల్లీబిడ్డల కార్డు గానీ, ఆస్పత్రి ఫైలు గానీ వెతికి మీ బిడ్డ పుట్టినప్పటి బరువు చూడండి. అప్పటి నుంచి ఇప్పటిదాకా తెలిసిన ఎత్తు, బరువులన్నీ ఒక కాగితం మీద రాయించండి. అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలు ఈ వయసులో బడికి ఎలా వెళ్లేవారో, ఏం తినేవారో, ఎప్పుడు పడుకునేవారో అడిగి పక్కనే రాయమనండి. పోలిక ఎంత, అలవాటు ఎంత అనేది పిల్లలకే తెలుస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి, ఆయనకూ ఉపయోగపడుతుంది.