అర్ధశక్తి నడక: బొబ్బిలి నుండి బస్సులో తీరపు దారులకు

ఆయుర్వేదము నేలను మూడు విధములుగా విభజించినది. నీరు తక్కువై, ఎండ, గాలి అధికముగా నుండు నేల జాంగలము. నీరు, చెట్లు, చల్లగాలి సమృద్ధిగా నున్నది ఆనూపము. రెండింటి గుణములు సమముగా నున్నది సాధారణ దేశము. జాంగలములో వాతము, ఆనూపములో కఫము ప్రబలునని వాగ్భటుడు చెప్పెను. ఆనూపమును వర్ణించునప్పుడు చరకుడు కొబ్బరి, అరటి తోటలను, నదులను, సముద్రపు అంచును పేర్కొనెను. ఆ వర్ణన చదివినప్పుడెల్ల నాకు శ్రీకాకుళము జిల్లా తీరమే కన్నులకు కట్టును.

మా బొబ్బిలి సముద్రమునకు 60 కిలోమీటర్లకు పైగా లోపలనున్న మెట్ట ప్రాంతము. మధుమేహము వచ్చినదనియో, మోకాళ్ళు పట్టుచున్నవనియో వైద్యుడు చెప్పగానే ఇక్కడి గృహస్థులు తెల్లవారుజామున నడక మొదలుపెట్టుదురు. రెండు మాసములు గడచునప్పటికి అదే రోడ్డు, అదే దుమ్ము, అవే కుక్కలు! మనసు విసిగి మానివేయుదురు. మందు వ్రాసి ఇచ్చినంత సులభముగా నడకను వ్రాసి ఇవ్వలేము. అందుచేత నన్ను అడిగిన వారికి నేను చెప్పునది ఇది: వారమునకు ఐదు దినములు ఊరిలోనే నడవండి, కార్తీకము నుండి మాఘము వరకు మాసమునకు ఒకమారు ఇంటిల్లిపాదియు బస్సెక్కి ఆనూపదేశమునకు పోయి నడచి రండి.

కారు కంటె బస్సు మేలనుటకు ఖర్చు ఒక్కటే కారణము కాదు. కారులో పోయినవారు కారు నిలిపిన చోటికే మరల రావలెను. బస్సులో పోయినవారు ఒక ఊరిలో దిగి, నడచి, మరియొక ఊరిలో ఎక్కవచ్చును. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము గనుక ఆధార్ కార్డు వెంట నుంచుకొనిన గృహిణులకు టికెట్టు ఖర్చు కూడ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రము అవసరము. దిగిన వెంటనే తిరుగు బస్సు వేళలను కండక్టరును అడిగి తెలిసికొనవలెను. చివరి బస్సును కాక దానికి ముందు బస్సును మన బస్సుగా భావించవలెను. చివరి బస్సు కొరకు ఎండలో పరుగెత్తిన నడక వ్యాయామము కాదు, శిక్ష.

మొదటి ప్రయాణమునకు మన నీరు పోవు దారినే పోవుట బాగుండును. బొబ్బిలి చెంత పారు వేగవతి నాగావళిలో కలియును. నాగావళి శ్రీకాకుళము పట్టణమును దాటి కళ్ళేపల్లి వద్ద బంగాళాఖాతమున చేరును. బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్స్ నుండి రాజాం మీదుగా శ్రీకాకుళము, అక్కడి నుండి కళ్ళేపల్లి కొద్ది దూరమే. ఏటి గట్టు వెంట నడచి సంగమమును చూచి మరలిరావచ్చును. ఇది పిల్లలకు, వృద్ధులకు అనుకూలమైన దారి. కొంచెము శక్తి కలవారికి కళింగపట్నము తగినది. అది ఒకప్పటి ఓడరేవు. వంశధార అక్కడ సముద్రములో కలియును, దీపస్తంభమున్నది. ఏటికి ఎగువన, పది కిలోమీటర్ల లోపుననే, శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపముల శిథిలములున్నవి. కొండ, ఏరు, కడలి మూడును ఒక్క చూపులో ఇముడునట్టి చోటు మన జిల్లాలలో మరియొకటి నేను చూడలేదు. అయితే తీరమును, కొండను ఒకే దినమున నడచి తీరవలెనను పట్టుదల వలదు.

ఎంత నడవవలెను? ఈ పాఠమునకు ప్రాణము ఇదియే. బలవంతులు, స్నిగ్ధమైన ఆహారము తినువారు కూడ చలికాలమునందు, వసంతమునందు తమ శక్తిలో సగము వరకే వ్యాయామము చేయవలెననియు, ఇతర ఋతువులలో ఇంకను తక్కువ చేయవలెననియు అష్టాంగహృదయము దినచర్యాధ్యాయములో చెప్పబడినది. నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పుట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో అది అర్ధశక్తికి గుర్తు. అంతటితో నిలువవలెను. మీరినచో దాహము, క్షయము, శ్వాస, దగ్గు, జ్వరము కలుగునని హెచ్చరిక.

దీనిని లెక్కలోనికి మార్చుకొందము. ఒక గృహిణి మన ఊరి రోడ్డుమీద అలసిపోవునంతవరకు 8 కిలోమీటర్లు నడువగలదనుకొనుడు. అర్ధశక్తి 4 కిలోమీటర్లు. మెత్తని ఇసుకలో నడకకు గట్టినేలమీది నడక కంటె సుమారు రెండింతల శక్తి వ్యయమగును. కాబట్టి ఆమెకు సముద్రపు ఒడ్డున 2 కిలోమీటర్లు చాలును, తిరుగు నడక కూడ అందులోనే. అల తడిపిన గట్టి ఇసుకమీద, పాదములకు తగిన చెప్పులతో నడచినచో కొంత ఎక్కువ సాగును. గొడుగు పట్టి, పాదరక్షలు తొడిగి, నాలుగు మూరల ముందు నేలను చూచుచు నడవవలెనని వాగ్భటుడు చెప్పినది ఈ తీరముల కొరకే చెప్పినట్లుండును. ఇసుక దిబ్బలమీద పిల్లలు రావణాసురుని మీసాలని పిలుచు ముండ్ల గడ్డి ఒట్టికాళ్ళను క్షమించదు. గుండెజబ్బు గలవారు, అజీర్ణముతో నున్నవారు, జ్వరము విడిచి కొద్ది దినములైనవారు ఇసుక నడకకు పోరాదు.

నాకు మిక్కిలి ఇష్టమైన దారి తేలినీలాపురము. శ్రీకాకుళము నుండి టెక్కలి, టెక్కలి నుండి నౌపడా వైపు పోవు బస్సు. శరత్తు నుండి శిశిరము వరకు ఆ ఊరి చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని గ్రామస్థులు వాటిని కాపాడుదురు. అవి సైబీరియా నుండి వచ్చునని పలువురు వ్రాయుదురు గాని ఆ మాట సరికాదు. ఈ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షియే. అతిథి కాదు, ఇంటి బిడ్డయే అనుకొనిన గ్రామస్థుల మాటే శాస్త్రమునకు దగ్గరగా నున్నది.

ఈ పక్షులు ఊరిలో గూడు కట్టుట చెట్ల కొరకు మాత్రమే కాదు. పిల్లలకు పెట్టు చేపలు సమీపపు తంపరలో దొరకును. తంపర యనగా సముద్రమునకు, మెట్టకు నడుమ నీరు నిలుచు పల్లపు నేల. చేపలు, తుంగ, పశువుల మేత, అన్నియు అక్కడి నుండియే. కాకరాపల్లి తంపరలో విద్యుత్కేంద్రము వలదని పోరిన గ్రామస్థులపై 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. అంతకు ముందు 2010 జూలై 14న సోంపేట బీల కొరకును అట్లే జరిగినది. అక్కడి కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతి ఆ నెలలోనే రద్దయినది. బురదనేల యని మనము ముక్కు మూసికొను చోటు కొరకు మనుష్యులు ప్రాణమిచ్చిరి. గట్టుమీద నడచునప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పుట మంచిది. గూళ్ళ క్రింద కేకలు వేయరాదు, టపాకాయలు కాల్చరాదు. నౌపడా ఉప్పుమళ్ళ నడుమ నీడ ఏ మాత్రము లేదు గనుక అక్కడికి ఉదయము 9 గంటల లోపుననే పోవలెను. ఇందుకొరకు ముందు రాత్రి టెక్కలిలో బస చేయుట ఉత్తమము.

తుంగముస్తలు మనకు తెలిసిన ఔషధమే. ఆనూపదేశమున పుట్టిన ముస్తలు శ్రేష్ఠమని భావప్రకాశము చెప్పుచున్నది. అట్లని తంపరలో త్రవ్వుకొనరాదు. పచారి కొట్టులో దొరకును. జ్వరదాహమునకు చెప్పిన షడంగపానీయములో ముస్తలు, పర్పాటకము, వట్టివేళ్ళు, చందనము, కురువేరు, శొంఠి చేరును. నడకకు అన్నియు అక్కరలేదు. ముస్తలు, వట్టివేళ్ళు, శొంఠి కలిపి ఒక తులమెత్తు నలుగగొట్టి, రెండు లీటర్ల నీటిలో సగము మిగులునట్లు కాచి, వడగట్టి చల్లార్చి సీసాలో పోసికొనవలెను. ఇది రుచికి, దాహమునకు. దీనితోపాటు మనిషికి రెండు లీటర్ల మంచినీరు వేరుగా నుండవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, చోడి అంబలి కూడ మంచివి. రక్తపోటు గలవారు ఉప్పు తగ్గించవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు కొబ్బరినీరు వైద్యుని అడుగక త్రాగరాదు. అందులోని పొటాషియము వారికి ప్రమాదము.

మూత్రపిండముల ప్రసక్తి ఊరక తేలేదు. కవిటి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతమైన ఉద్దానము పేరు నేడు కొబ్బరి కంటె ఈ జబ్బుతోనే ఎక్కువ వినబడుచున్నది. మధుమేహము, రక్తపోటు లేనివారికి కూడ అది వచ్చుచున్నది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పిమాత్రలు, ఇట్లు పెక్కు కారణములను పరిశోధకులు అనుమానించిరి గాని ఇదమిత్థమని తేలలేదు. పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఒక దినము పోయి వచ్చినవారికి ఆ జబ్బు అంటదు. భయపడి ఆ ఊళ్ళను వెలివేయుట అన్యాయము. కాని ఒక విషయములో సందేహము లేదు: చెమటలో నీరు పోయి దేహము ఎండియున్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు మ్రింగినచో మూత్రపిండములకు హాని. నడచి వచ్చి, మోకాళ్ళు నొచ్చుచున్నవని బస్టాండు ఎదుటి దుకాణములో మాత్ర కొని వేసికొనుట నేను తరచుగా చూచుచున్నాను. ఏమి కలిపిరో తెలియని కీళ్ళనొప్పుల పొడుల విషయమును అంతే. ఆయుర్వేదమని పేరు పెట్టినంత మాత్రమున వాటిని మన్నించరాదు. అర్ధశక్తితో నిలిచినవారికి ఆ మాత్ర అవసరమే పడదు.

సోంపేట దాటి బారువ మన వారికి దూరము. ఒక రాత్రి బస చేయువారే పోవలెను. మహేంద్రతనయ సముద్రములో కలియు చోటది. జనవరి నుండి మార్చి వరకు ఈ తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ గ్రుడ్లు పెట్టును. ఇసుకలో వాటి జాడ కనబడినచో త్రవ్వరాదు, దీపము వేయరాదు. అక్టోబరు, నవంబరు మాసములలో తుఫాను హెచ్చరిక ఉన్నచో ఏ దారికిని పోరాదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ ఉద్దానపు తోటలను ఏమి చేసినదో అందరికి తెలిసినదే.

ఇంటికి చేరిన పిదప గోరువెచ్చని నీటితో కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించవలెను. మధుమేహము గలవారు దీపము వెలుగులో పాదములను ఇంటివారిచేత పరీక్ష చేయించుకొనవలెను. ఇసుకలో తగిలిన గీత వారికి తెలియకపోవచ్చును. రాత్రికి తేలికైన ఆహారము. మరునాటి ఉదయమునకు కూడ మూత్రము చిక్కని పసుపు రంగులో, కొద్దిగా మాత్రమే వచ్చినచో నీరు చాలలేదని అర్థము. నీరు త్రాగిన పిదపను మధ్యాహ్నమునకు మారనిచో ఇంటి వైద్యము మాని ఆసుపత్రికి పోవలెను.